పైకి అనకూడని మాట

డాక్టర్ వైశాలి గారు మంగళవారం రమ్మన్నారు. మంగళవారం నాడు మా వైపు కొత్త పని మొదలుపెట్టరని ఆవిడకు హిందీలో ఎలా చెప్పాలో నాకు వెంటనే తోచలేదు.

"బుధవారం పెట్టుకుందామా మేడమ్?" అన్నాను.

"బుధవారం పిల్లల టీకాలు. గురువారం గర్భిణులు. మీ ఆవిడ కోసం నా దగ్గర మంగళవారం ఒంటిగంట తరువాత ఇరవై నిమిషాలున్నాయి, రావు జీ. కావాలా, వద్దా?"

సుభద్ర నా వెనక నిలబడి ఉంది. కావాలన్నాను.

అది తొంభై ఎనిమిది ఏప్రిల్. ఫరీదాబాద్‌లో ఎన్.హెచ్. నాలుగు అనే పేటలో ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో నేను యూ.డీ.సీ. గుమాస్తాని. హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చి నాలుగేళ్ళయింది. అక్కడ నన్ను భీమేశ్వరరావు అని పూర్తిగా పిలిచినవాడు లేడు, అందరికీ రావు జీనే. మా అమ్మాయి సాత్విక ఆ నాలుగేళ్ళలో హిందీ పిల్ల అయిపోయింది. సుభద్ర హిందీ మాత్రం కూరల బండి దగ్గరకూ, పాలవాడి దగ్గరకూ సరిపోయేది. గుండెలో ఉన్నది చెప్పుకోవడానికి అది చాలేది కాదు. అందుకని డిస్పెన్సరీకి వెళ్ళినప్పుడల్లా నేను పక్కన కూర్చుని ఆమె చెప్పింది డాక్టరుకూ, డాక్టరు చెప్పింది ఆమెకూ చెప్పేవాణ్ణి.

మా అమ్మ జానకమ్మ ఆ జనవరిలో పోయింది. పక్షవాతంతో పద్నాలుగు నెలలు మంచాన ఉంది. ఎత్తి కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, జావ పట్టడం, పక్కబట్టలు ఉతకడం అన్నీ సుభద్రే చేసింది. కోడలంటే అలా ఉండాలని కాలనీలో పంజాబీ ఆడవాళ్ళు కూడా చెప్పుకున్నారు. కర్మలు ముగిసి, వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయాక ఆమెకు ఈ జబ్బు మొదలైంది. సరిగ్గా దీపం పెట్టే వేళకు గుండె దడదడలాడేది. చేతులు చల్లబడిపోయేవి. ఊపిరి అందక గోడకు చేరగిలబడి అరగంటసేపు అలాగే ఉండిపోయేది. దాంతోపాటు మాట తగ్గిపోయింది. అడిగినదానికి అవును, కాదు. అంతే. ముందంతా సాత్వికను రోజుకు పదిసార్లు కసిరే మనిషి, ఆ పిల్ల పాలగ్లాసు ఒలకబోసినా గుడ్డ తెచ్చి తుడిచి లేచిపోయేది.

గుండె పరీక్ష చేయించాను. ఏమీ లేదన్నారు. డిస్పెన్సరీలో పెద్ద డాక్టరు గ్యాస్ మాత్రలు రాశారు. శివాలయంలో అభిషేకం చేయించి విభూతి తెచ్చి పెట్టాను. నెలలు గడిచాయి గానీ ఆ దీపాల వేళ మాత్రం గడవలేదు. అప్పుడు కాంపౌండరు నన్ను పక్కకు పిలిచి, "కొత్త డాక్టరమ్మకు చూపించు రావు సాబ్. మందూ మాకూ ఉండదు. మొహం మీద తబలా వాయిస్తుంది. మా వదినకు తలనొప్పి పోయింది. తబలా నేర్చుకుందో లేదో తెలియదుగానీ" అన్నాడు. వెనక వరసలో కూర్చున్న ముసలాయన, "నా మొహం మీద ఢోలక్ వాయించినా నా మోకాలికి దారి దొరకదు" అన్నాడు. అందరూ నవ్వారు. సుభద్ర కొంగు నిండుగా కప్పుకుంది.

డాక్టర్ వైశాలిది నాగపూర్. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఆవిడ గది డిస్పెన్సరీలో అన్నిటికన్నా చివర. కూలర్‌లో నీళ్ళు ఉండేవి కావు, అందుకని అది వేడిగాలే కొట్టేది. ఆవిడ మొదటే చెప్పేశారు.

"ఈ పద్ధతి బయటి దేశాలది. పూణేలో ఒక శిబిరంలో నేర్చుకున్నాను. ఎలా పనిచేస్తుందంటే నేను చెప్పలేను. కొందరికి తేలిక పడుతోంది, కొందరికి లేదు. నష్టమైతే లేదు. ముందు ఆవిడను అడగండి, భయం పదిలో ఎంత ఉంది?"

నేను అడిగాను. సుభద్రకు అర్థం కాలేదు. "పదిలో ఏమిటండీ?"

"పరీక్షలో మార్కుల్లాగా. పదికి ఎన్ని అని."

"భయానికి మార్కులా" అంది. చాలా రోజుల తరువాత పెదవి చివర నవ్వులాంటిది కదిలింది. "తొమ్మిది అనండి."

డాక్టరుగారు తన రెండు వేళ్ళతో అరచేతి అంచును తట్టి చూపించారు. తరువాత కనుబొమ మొదలు, కంటి చివర, కంటి కింద, ముక్కు కింద, గడ్డం, మెడ కింది ఎముక, చంక కింద, నడినెత్తి. ఒక్కో చోట ఏడెనిమిదిసార్లు, తలుపు తట్టినంత మెత్తగా. నన్ను కూడా చెయ్యమన్నారు. నాకు చిత్రంగా అనిపించలేదు. పొద్దున్నే సంధ్యవార్చుకుంటూ న్యాసం చేసేటప్పుడు గుండెకూ, శిరస్సుకూ, కళ్ళకూ వేళ్ళు తాకిస్తూనే ఉంటాం కదా. దేవుడి పేరు లేదన్నమాటే గానీ ఇది మనకు తెలియనిదేమీ కాదనుకున్నాను.

"ఇప్పుడు అరచేతి అంచు తడుతూ మూడుసార్లు పైకి అనాలి. మనసులో కాదు, పైకి. నా గుండె నిండా భయం ఉన్నా, నన్ను నేను ఉన్నదున్నట్టు ఒప్పుకుంటున్నాను."

అక్కడ నేను ఆగిపోయాను.

మా ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. గుమ్మం దాటేవాడు వెళ్ళొస్తానంటాడు గానీ వెళ్తాననడు. తథాస్తు దేవతలు ఆకాశంలో తిరుగుతుంటారనీ, మన నోటి వెంట ఏ మాట వస్తే దానికి తథాస్తు అంటారనీ, అందులోనూ అసురసంధ్య వేళ నోరు మరీ జాగ్రత్తగా పెట్టుకోవాలనీ మా అమ్మ నా చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉండేది. పెళ్ళయి వచ్చాక సుభద్రకూ చెప్పింది. అలాంటిది, గుండె నిండా భయం ఉందని మూడుసార్లు నోరారా అనమంటే ఎలా?

"నాకు భయం లేదు, భగవంతుడు ఉన్నాడు, అను" అన్నాను సుభద్రతో.

ఆమె నన్నొకసారి చూసి అలాగే అంది.

"నేను చెప్పిన మాటే అన్నారా?" అడిగారు డాక్టరుగారు.

"హాఁ జీ. బిల్కుల్" అన్నాను.

అబద్ధం ఆడానని నాకు అప్పుడు అనిపించలేదు. చేదు మందులో కాస్త తేనె కలిపాననుకున్నాను.

ఆ రోజు బయటికి వచ్చేసరికి మార్కులు ఏడుకు దిగాయి. రిక్షాలో సుభద్ర తన చెయ్యి తీసి నా చేతి మీద పెట్టింది. "చెయ్యి వెచ్చగా ఉంది కదండీ" అంది. నిజంగానే వెచ్చగా ఉంది. అయితే ఏప్రిల్ ఎండలో, ఫరీదాబాద్‌లో, ఒంటిగంటన్నరకు ఎవరి చెయ్యి వెచ్చగా ఉండదు? ఆ మాట నాకు తరువాత తోచింది. అప్పుడు మాత్రం దారిలో గుడి కనిపిస్తే రిక్షాలోంచే దణ్ణం పెట్టుకున్నాను.

రోజూ దీపాల వేళకు సుభద్ర వంటింటి గుమ్మంలో కూర్చుని తట్టుకునేది. సాత్విక ఎదురుగా కూర్చుని తనూ తట్టుకునేది. "మమ్మీ, గుద్‌గుదీ హోతీ హై" అని కితకితలు పుట్టినట్టు నవ్వేది. దడ వచ్చేది. కానీ అరగంట ఉండేది పదిహేను నిమిషాలకు తగ్గింది. ఆ రెండు వారాల్లో నేను ఆఫీసులో ఒకరిద్దరితో నవ్వుతూ మాట్లాడినట్టు కూడా గుర్తు.

మూడో మంగళవారం మార్కులు ఏడు దగ్గరే ఆగాయి. డాక్టరుగారు కలం బల్ల మీద పెట్టి, "రావు జీ, మీ కాలనీలో హిందీ బాగా వచ్చిన తెలుగు ఆడవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీ ముందు చెప్పుకోలేనివి ఆవిడకు ఉండవచ్చు" అన్నారు.

వెనక బ్లాకులో లలితకుమారి గారున్నారు. మంచి మనిషి. హిందీలో ఆవిడ ముందు పంజాబీవాళ్ళు కూడా తడబడతారు. కానీ ఇంటి గుట్టు పక్కింటికి చెప్పుకుంటారా?

"ఎవరూ లేరు మేడమ్" అన్నాను. "మా ఇద్దరి మధ్య దాపరికాలు లేవు."

నాలుగో మంగళవారం మే పన్నెండు. తేదీ గుర్తుండడానికి కారణం ఉంది. ముందురోజే రాజస్థాన్ ఎడారిలో అణుబాంబులు పరీక్షించారు. డిస్పెన్సరీలో కాంపౌండరు వచ్చినవాళ్ళందరికీ లడ్డూలు పంచుతున్నాడు. "ఈరోజు ఎవరికీ జబ్బు లేదు రావు సాబ్. దేశమంతా పహిల్వాన్" అని చెరొకటి చేతిలో పెట్టాడు. ఆ లడ్డూలు పట్టుకునే లోపలికి వెళ్ళాం.

డాక్టరుగారు కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నారు.

"ఊరికే భయం, భయం అంటే సరిపోవడం లేదు. దేనికి భయం? ఏ రోజు మొదలైంది? ఆ రోజు ఏం జరిగింది? తట్టుకుంటూ, కళ్ళు మూసుకుని, తన భాషలోనే చెప్పమనండి. అంతా అయ్యాక మీరు నాకు చెప్పండి. దానికి తగిన మాట నేను కూర్చి ఇస్తాను."

నేను చెప్పాను. సుభద్ర లడ్డూ బల్ల మీద పెట్టి కొంగుకు చెయ్యి తుడుచుకుంది. కళ్ళు మూసుకుంది. అరచేతి అంచు తట్టుకోవడం మొదలుపెట్టింది. బయట వరసలో ఎవరి పిల్లో ఏడుస్తోంది.

"ఆ రోజు నాకు జ్వరం" అంది. "పొద్దుటి నుంచి నాలుగుసార్లు పక్కబట్టలు మార్చాను. నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు తెగిపోతున్నాయి. దీపం పెట్టబోతుంటే మళ్ళీ పిలిచారు. సుభద్రా, సుభద్రా అని. వెళ్ళాను. మళ్ళీ తడిపేశారు. నాకేమైందో. పోతే పోరాదా అత్తయ్యగారూ, నాకు కాస్త నిద్రన్నా పడుతుంది, అన్నాను. దీపం చేతిలోనే ఉంది. అత్తయ్యగారు నన్ను చూశారు. ఏమీ అనలేదు. పక్క మార్చాను. ఆ తరువాత ఇంక పిలవలేదు. తెల్లారి జావ తీసుకెళ్ళేసరికి..."

వేళ్ళు ఆగలేదు. తట్టుకుంటూనే ఉంది.

"దీపాల వేళ అన్నాను. నా నోటితో నేనే పంపించేశాను."

జనవరిలో ఆ సాయంత్రం నేను ఆఫీసు నుంచి ఏడింటికి వచ్చాను. అమ్మ మంచం దగ్గరకు వెళ్ళి పిలిచాను. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కళ్ళు తెరవలేదు. నిద్రపోతోందనుకున్నాను. ఆ మధ్య ఏ రోజైనా నేను పిలిస్తే కళ్ళు తెరవని రోజు లేదు.

డాక్టరుగారు నా వైపు చూస్తున్నారు.

"వాళ్ళ అత్తగారు గుర్తొస్తున్నారట" అన్నాను హిందీలో. "సేవ ఇంకా బాగా చెయ్యవలసిందని బాధపడుతోంది."

ఆవిడ రాసుకున్నారు. రాసుకుని తల ఎత్తారు. "ఇంతసేపు మాట్లాడారు. ఇంతేనా?"

"మా భాషలో మాటలు పొడుగు మేడమ్."

ఆవిడ నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటాను. సుభద్ర కళ్ళు తెరిచింది. సాస్ అంటే అత్తగారని ఆమెకు తెలుసు. సేవ అన్న మాట మనదే. ఆ రెండూ తప్ప మరేమీ నేను చెప్పలేదని తెలుసుకోవడానికి కూరల బండి హిందీ చాలు. ఆమె నా మొహంలోకి చూడలేదు. నా చేతిలో లడ్డూ వైపు చూసింది. అది పొడి పొడి అయి నా పంట్లాం మీద రాలుతోంది.

డాక్టరుగారు మాట కూర్చి ఇచ్చారు. అత్తయ్యగారు గుర్తొస్తున్నా, నేను చేయగలిగినంత సేవ చేశాను, నన్ను నేను ఒప్పుకుంటున్నాను. ఈసారి ఒక్క అక్షరం మార్చకుండా తెలుగులో చెప్పాను. సుభద్ర మూడుసార్లు అంది. బడిలో పద్యం అప్పజెప్పినట్టు అంది.

"ఇప్పుడు ఎంత?"

"అయిదు అనండి."

రిక్షా క్వార్టర్స్ మలుపు తిరుగుతుంటే ఆమె అంది.

"మీరు చెప్పలేదు."

"అలాంటివి పైకి అనకూడదు సుభద్రా."

రిక్షా దిగాం. తాళం తీశాను. చెప్పులు విడిచి లోపలికి వెళ్తూ, "అవునండీ, అనకూడదు" అంది.

నేను ఇంకేమీ అడగలేదు. ఆ సాయంత్రం గానీ, ఆ వారం గానీ. నువ్వు అలా అన్నావా అని కోప్పడలేదు. ఒక్క మాటకు మనిషి పోతుందా, పిచ్చిదానా అని ఓదార్చనూ లేదు. పొద్దున్నే సంధ్యవార్చుకునేటప్పుడు న్యాసం దగ్గర వేళ్ళు ఆగిపోయేవి. నేను ఎందుకు చెప్పలేదు? అశుభం నోట పలకడానికి జంకానా? ఇంటి పరువు పోతుందనా? లేక, మా అమ్మను అంత మాట అన్న మనిషికి అంత తొందరగా తేలిక పడకూడదని నా లోపల ఎవరో అనుకున్నారా? పద్నాలుగు నెలల్లో నేను ఒక్కసారైనా ఆ పక్కబట్ట ఉతకలేదు. అది కూడా గుర్తొచ్చేది. దేవుణ్ణి అడిగేవాణ్ణి. ఆయన ఏ ఆఫీసులో ఉన్నా ఇలాంటి అర్జీలకు జవాబు రాయడు.

ఆ తరువాత మంగళవారాలు సాఫీగా గడిచాయి. మార్కులు అయిదు నుంచి నాలుగు, నాలుగు నుంచి రెండు. డాక్టరుగారు అడగగానే సుభద్ర నా కోసం ఆగకుండా వేళ్ళు చూపించడం నేర్చుకుంది. జూన్ తొమ్మిదిన ఒక్క వేలు చూపించింది. డాక్టరుగారు కార్డు మీద బాగా తగ్గిందని రాసి, కింద గీత గీశారు.

"మీ ఆవిడ ఎంత శ్రద్ధగా చేసిందో, రావు జీ. ఈ డిస్పెన్సరీలో నన్ను తబలా డాక్టర్ అంటారని నాకు తెలుసు. ఇక అననివ్వండి."

కాంపౌండరు కూడా, "భాభీ జీ పాస్ అయిపోయారు" అన్నాడు. సుభద్ర అందరికీ నమస్కారం పెట్టింది.

జూన్ మూడో వారం ఎండలకు మధ్యాహ్నం కరెంటు పోతే సాయంత్రం దాకా వచ్చేది కాదు. కార్యాలయంలో ఫ్యాన్లు లేక ఒకరోజు అయిదింటికే పంపేశారు. ఆరింటికి ముందే ఇంటికి చేరాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. సాత్విక మెట్ల మీద కూర్చుని ఉంది.

"లోపలికి వెళ్ళలేదేం?"

"మమ్మీ దరవాజా బంద్ కర్ కే ట్యాపింగ్ కర్ రహీ హై" అంది, తలుపేసుకుని తట్టుకుంటోందని. తల దించుకుని చెప్పు మీద గోటితో గీస్తూ, "రోజూ పంపించేస్తుంది నాన్నా" అని తెలుగులో అంది.

తలుపు తోశాను. లోపల దేవుడి అలమర ముందు సుభద్ర నిలబడి ఉంది. దీపం ఇంకా పెట్టలేదు. రెండు చేతులతో మొహం మీద తట్టుకుంటోంది. కానీ అది తట్టడం కాదు. గుళ్ళో తప్పు చేశామని లెంపలు వేసుకుంటామే, అది. కుడి చెయ్యి ఎడమ చెంపకు, ఎడమ చెయ్యి కుడి చెంపకు. మధ్యలో ముక్కు కింద, పెదవుల మీద, మెత్తగా తట్టమన్న చోట, వేళ్ళు మడిచి గట్టిగా కొట్టుకుంటోంది. నోరు మూసే ఉంది. ఒక్క మాట లేదు. చెంపల మీద వేళ్ళ అచ్చులు ఆ గుడ్డి వెలుతురులో కూడా కనిపిస్తున్నాయి.

"సుభద్రా."

చేతులు ఆగాయి. కొంగుతో మొహం తుడుచుకుని, "వచ్చారా, ఈరోజు తొందరగా వదిలారా?" అంది. మామూలుగానే అంది. వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"డాక్టరమ్మ రోజూ చెయ్యమన్నారుగా."

"ఇలా కాదు కదా."

కాఫీ నీళ్ళు పడేసింది. వెనక్కి తిరగలేదు. ఇంక జవాబు చెప్పడం ఆమెకు ఇష్టం లేదని తెలిసి నేనే ఇవతలికి వచ్చాను. సాత్విక గుమ్మంలో నిలబడి నన్ను చూస్తోంది. దానికి పదకొండేళ్ళు. మాకు తెలుగులో వినిపించనివి దానికి ఎన్ని వినిపించేవో నాకు తెలియదు.

ఆ వచ్చిన మంగళవారం నేను వెళ్ళలేదు. వెళ్ళి ఏం చెప్పాలో పలుమార్లు కూర్చుకున్నాను. హిందీలో కూర్చుకుంటే నేను మంచివాడిలాగే తేలేవాణ్ణి. తెలుగులో కూర్చుకుంటే తేలేవాణ్ణి కాదు. ఆ తరువాతి మంగళవారం, జూన్ ముప్ఫై, ఆఫీసులో పూటసెలవు పెట్టి ఒక్కణ్ణే వెళ్ళాను. డాక్టరుగారు అలమరలోంచి పుస్తకాలు తీసి అట్టపెట్టెలో సర్దుతున్నారు.

"అరే, రావు జీ. ఈరోజు నాకు ఇక్కడ ఆఖరి రోజు. నాగపూర్ వెళ్ళిపోతున్నాను. మీ ఆవిడ ఎలా ఉన్నారు?"

నిలబడే చెప్పాను. మొదటి రోజు మాట మార్చానని చెప్పాను. నాలుగో మంగళవారం సుభద్ర అన్నదంతా, జ్వరమూ, చన్నీళ్ళూ, దీపమూ, ఆ మాటా, ఒక్కొక్కటే హిందీలో పెట్టాను. తథాస్తు దేవతల దగ్గర ఆగిపోతే ఆవిడే, "తెలుసు. మా అమ్మమ్మ కూడా అనేది" అన్నారు. లెంపల సంగతీ చెప్పాను.

ఆవిడ పుస్తకం చేతిలో పట్టుకునే కూర్చున్నారు. "ఎన్ని మంగళవారాలు వచ్చారు?" అన్నారు.

"ఎనిమిది."

"ఎనిమిది మంగళవారాలు నేను ఎవరికి వైద్యం చేశాను, రావు జీ?"

కూలర్ వేడిగాలి కొడుతోంది. ఆవిడ కోప్పడితే బాగుండుననిపించింది. కోప్పడలేదు.

"ఇది మంత్రం కాదు" అన్నారు. "వేళ్ళలో ఏ మహిమా లేదు. అంత మాట ఆవిడ పైకి అన్నారు, మనం విన్నాం, అయినా ఆవిడను చీదరించుకోలేదు. అది ఆవిడకు తెలియాలి. ఆ రోజు ఏమైంది? ఆవిడ అన్నారు, మీరు విననట్టు నటించారు. ఇప్పుడు సమయం ఎంత?"

"పన్నెండున్నర."

"రెండు దాకా ఉంటాను. వెళ్ళి తీసుకురండి. మీరు బయట కూర్చోండి. లలితకుమారి అని ఒకావిడ ఈ మధ్య మీ కాలనీ నుంచే వస్తున్నారు నా దగ్గరకు. కబురు పెడితే వస్తారు. ఎవరూ లేరన్నారుగా మీరు."

తల వంచుకుని బయటపడ్డాను. రిక్షా కోసం ఆగకుండా నడిచాను. కొంతదూరం పరుగెత్తాను కూడా. నలభై ఏళ్ళవాడు ఎండలో పరుగెత్తడం చూసి జ్యూస్ బండివాడు, "క్యా హువా అంకుల్, రైలు పోయిందా?" అన్నాడు.

ఇల్లు చేరేసరికి ఒంటిగంట కావస్తోంది. సాత్విక బళ్ళో స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. సుభద్ర బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నేను అలా కూర్చోవడం ఆమెకు కొత్త. చేట పక్కకు జరిపింది.

"డాక్టరుగారు నిన్ను రమ్మంటున్నారు. ఈరోజే. నేను రాను లోపలికి. లలితకుమారి గారు వస్తారు."

"ఎందుకండీ? తగ్గిందని రాశారుగా."

"సుభద్రా, ఆ రోజు నువ్వు చెప్పింది నేను విన్నాను."

ఆమె చేతులు బియ్యంలోనే ఉన్నాయి.

"అంతా విన్నాను. అమ్మతో నువ్వు అన్న మాట. నాకు కోపం లేదు" అన్నాను. అన్నాక, అది పూర్తిగా నిజం కాదని గుర్తొచ్చి, "కోపం వచ్చింది. వచ్చినా సరే, ఆ మాట వల్ల అమ్మ పోలేదు. ఆ రోజే చెప్పాల్సింది. నేను డాక్టరుగారికి మార్చి చెప్పాను. తప్పు నాది" అన్నాను.

ఆమె నన్ను చూసింది. ఆ చూపు అరనిమిషం కూడా ఉండదు. ఆ అరనిమిషంలో ఆమె ముందుకు వంగిందనీ, పెదవులు విడివడ్డాయనీ నాకు అనిపించింది. తరువాత పెదవులు దగ్గరపడ్డాయి. చేట ఒళ్ళోకి లాక్కుంది.

"నేనేమన్నాను అత్తయ్యగారితో?" అంది.

"సుభద్రా."

"నేనేమీ అనలేదండీ. జ్వరంలో ఏదో కలవరించి ఉంటాను. డాక్టరమ్మ గదిలో ఏం చెప్పానో కూడా నాకు గుర్తు లేదు. అత్తయ్యగారికి చేయగలిగినంత చేశాను. మీరే నేర్పించారుగా ఆ మాట."

"ఒక్కసారి రా. రెండింటి దాకా ఉంటానన్నారు. రేపటి నుంచి ఉండరు."

"పాపం, ప్రయాణాల హడావిడిలో ఉంటారు. నా నమస్కారం చెప్పండి." ఒక రాయి దొరికింది. దాన్ని తీసి కిటికీలోంచి బయటికి విసిరింది. "ఎండన పడి వచ్చారు. మొహం చూడండి ఎలా అయిందో. ఆఫీసుకు ఎలాగూ వెళ్ళరుగా ఈ పూట. అన్నం వడ్డించనా?"

చెయ్యి పట్టుకుని లేవదీసి తీసుకువెళ్ళవలసింది. మెట్ల దాకా అయినా తీసుకువెళ్ళవలసింది. లలితకుమారి గారి తలుపు తట్టవలసింది. గోడ మీద గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది. ఎన్‌.హెచ్. నాలుగులో ఏ రిక్షా ఎక్కినా డిస్పెన్సరీ పది నిమిషాలు. నేను ఆమె మొహం వైపు చూశాను. అక్కడ వేళ్ళ అచ్చులు ఏమీ లేవు. పసుపు రాసుకుని, బొట్టు పెట్టుకుని, శుభ్రంగా, ప్రశాంతంగా ఉంది. బయటివాళ్ళు ఎవరైనా చూస్తే జబ్బు నయమైన మనిషనే అంటారు.

కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాను. కంచం నిండా వడ్డించింది. బీరకాయ పచ్చడి బాగుందన్నాను. ఇంకాస్త వేసింది. మెల్లగా తిన్నాను. మజ్జిగ పోసుకునేసరికి రెండు దాటింది.